ట్రాక్ కారులో ఆయిల్ ట్యాంకు ఎక్కడ పెట్టాలి? ఒక హోండా సిటీ కేస్ స్టడీ

కారు పాత హోండా సిటీ వీటెక్. 1.5 లీటర్ల డీ సిరీస్ ఇంజన్, లోపల రోల్ కేజ్ (బోల్తా పడినా డ్రైవర్‌ను కాపాడే ఇనుప చట్రం), కింద స్లిక్ టైర్లు (గాడులు లేని రేసు టైర్లు). పని జరిగింది విజయనగరం శివారు షెడ్డులో, పరుగు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో అడ్డురేకులు వేసినా పొడవాటి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ 4.5 బార్ నుంచి క్షణంపాటు 2 బార్ కిందికి పడుతోంది. స్లిక్ టైర్లు ఇచ్చే పట్టుకు చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఎగబాకుతుంది, ఆయిల్ పీల్చే గొట్టం, అంటే పికప్, గాలి పీలుస్తుంది. బేరింగులు పోవడానికి ఆ క్షణాలు కొన్ని కలిస్తే చాలు. అందుకే డ్రై సంప్‌కు, అంటే ఆయిల్‌ను చాంబర్‌లో కాకుండా విడి ట్యాంకులో ఉంచే పద్ధతికి మారాలన్న నిర్ణయం. చాంబర్‌లో పడిన ఆయిల్‌ను లాగి ట్యాంకుకు పంపే రెండు స్కావెంజ్ భాగాలు, ట్యాంకు నుంచి ఇంజన్‌కు తోసే ఒక ప్రెషర్ భాగం ఉన్న పంపు. ఏసీ కంప్రెసర్ తీసేసిన చోట, క్రాంక్ పుల్లీ వైపు బిగింపు. డీ సిరీస్‌లో పుల్లీ కారు ఎడమ పక్కన ఉంటుంది, అంటే మన దేశంలో డ్రైవర్ పక్కసీటు వైపు.

పంపు చోటు ఇంజనే నిర్ణయిస్తుంది, అక్కడ వాదనకు తావు లేదు. వాదన అంతా ట్యాంకు దగ్గరే. షెడ్డులో నలుగురుంటే మొదట వచ్చే మాట ఒకటే: డిక్కీలో పెట్టేద్దాం, ముందు బరువు తగ్గుతుంది. ఈ కేసులో ఆ మాట నిలవలేదు. బరువు కంటే ముందు చూడాల్సింది ట్యాంకు అడుగు నుంచి ప్రెషర్ పంపు నోటి దాకా వచ్చే పైపు.

ఆ పైపులో ఆయిల్‌ను నెట్టేవాళ్ళు ఎవరూ లేరు. పంపు తర్వాత ఎంత పొడవు పైపైనా పంపు తన బలంతో తోసేస్తుంది. పంపుకు ముందు మాత్రం ఉన్న బలం వాతావరణ పీడనం ఒక్కటే, సుమారు 1 బార్. దానికి తోడు ట్యాంకులోని ఆయిల్ ఎత్తు ఇచ్చే బలం మరీ స్వల్పం: పంపు నోటికి 30 సెంటీమీటర్ల పైన ఆయిల్ మట్టం ఉంటే 0.026 బార్. ట్యాంకు ఎత్తులో ఉంటే చాలు, ఆయిల్ దానంతటదే దిగుతుందని అనుకునేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూడాలి.

లెక్క వేద్దాం. ఇంజన్ 7,500 ఆర్‌పీఎం దగ్గర పంపు సగం వేగంతో, అంటే 3,750 తిరుగుతుంది. ప్రెషర్ భాగం ఒక చుట్టుకు 8 సీసీ అనుకుంటే నిమిషానికి 30 లీటర్లు. ఆయిల్ 20డబ్ల్యూ50 గ్రేడు. డిక్కీలో ట్యాంకు పెడితే పైపు పొడవు మలుపులతో కలిపి 3.5 మీటర్లు. 17.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఏఎన్ 12 పైపు (ఏఎన్ అంటే రేసు పైపుల, ఫిట్టింగుల సైజు కొలమానం) వాడితే, ఆయిల్ 100 డిగ్రీలున్నప్పుడు పీల్చడానికి 0.11 బార్ పోతుంది. పర్లేదు. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర తొమ్మిది రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. అదే వేగానికి 1 బార్ పైనే కావాలి. వాతావరణంలో ఉన్నదే అంత. అంటే పైపులో ఆయిల్ తెగిపోతుంది, పంపు కీచుమంటుంది, గేజిలో ముల్లు వణుకుతుంది. చల్లటి ఇంజన్‌ను 7,500 తిప్పేవాళ్ళు ఉండరనుకోండి. కానీ 2,000 దగ్గర కూడా 0.28 బార్ పోతుంది. 22 మిల్లీమీటర్ల ఏఎన్ 16 పైపు వేస్తే 40 డిగ్రీల అంకె 0.41 బార్‌కు దిగుతుంది. అదే ఏఎన్ 16 పైపు పొడవు 70 సెంటీమీటర్లయితే 0.08. ఈ ఆఖరి అంకె కోసమే మిగతా సర్దుబాట్లన్నీ.

డిక్కీకి ఇంకో ఇబ్బంది ఉంది. కారు ముందుకు దూకుతున్నప్పుడు పైపులోని ఆయిల్ వెనక్కి లాగుతుంది. కారు పొడవునా పోయే మూడు మీటర్ల పైపులో 0.4 జీ (భూమి ఆకర్షణలో 0.4 వంతు) త్వరణానికి దాదాపు 0.1 బార్ పంపుకు ఎదురు నిలుస్తుంది. మలుపు దాటి యాక్సిలరేటర్ నొక్కే సమయం అదే, బేరింగుల మీద బరువు పడే సమయం కూడా అదే. బ్రేకు వేసినప్పుడు ఇదే బలం మనవైపు పనిచేస్తుంది గానీ, అప్పుడు మనకు దాని అవసరం లేదు.

బరువు లెక్క కూడా పూర్తిగా వేస్తే డిక్కీ అంత లాభసాటి కాదు. ఏడు లీటర్ల అల్యూమినియం ట్యాంకు రెండున్నర కిలోలు, అందులో నాలుగున్నర లీటర్ల ఆయిల్ దాదాపు నాలుగు కిలోలు, మొత్తం ఆరున్నర. దాన్ని వెనక్కి పంపడానికి వేసే రెండు పొడుగు పైపులు తమలో రెండు లీటర్లకు పైగా అదనపు ఆయిల్ పట్టుకుంటాయి. ఆ ఆయిల్, ఫిట్టింగులు, పైపుల బరువు కలిపితే మిగిలే లాభం చిన్నది. ముందు బరువు తగ్గించాలంటే 12 కిలోల బ్యాటరీని వెనక్కి పంపడం తేలిక. బ్యాటరీకి లావు కేబులు, మెయిన్ స్విచ్చు సరిపోతాయి. ఈ కారులో అదే జరిగింది, అలా ఖాళీ అయిన జాగా ట్యాంకుకు పనికొచ్చింది.

పక్కసీటు కాళ్ళ దగ్గర పెట్టడం రెండో ఆలోచన. పంపుకు దగ్గర, గుద్దుకున్నా భద్రం, బరువు నడిమధ్యకు వస్తుంది. కాగితం మీద ఇంతకన్నా మంచి చోటు లేదు. కానీ అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనలు, అపెండిక్స్ జే ప్రకారం లూబ్రికేటింగ్ ఆయిల్ పైపులు డ్రైవర్ కూర్చునే భాగం బయటే ఉండాలి. నూరు డిగ్రీల ఆయిల్ కాళ్ళమీద పడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు ఆ నిబంధనతో గొడవ పడరు. సీలు చేసిన పెట్టెలో పెట్టి గట్టెక్కొచ్చని కొందరంటారు. రేసుకు ముందు జరిగే తనిఖీ, స్క్రూటినీలో ఒక అధికారి ఒప్పుకున్నది ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు. పైగా డ్యాష్ కింద నిలువు ట్యాంకుకు జాగా లేదు, పలకలాంటి ట్యాంకే పడుతుంది. పలక ట్యాంకు ఎందుకు పనికిరాదో చూస్తే, నిలువు ట్యాంకు మీద ఇంత పట్టుదల దేనికో తెలుస్తుంది.

1 జీ పక్కబలానికి ఆయిల్ పైమట్టం 45 డిగ్రీలు వాలుతుంది. 1.2 జీకి ఇంకా ఎక్కువ. 300 మిల్లీమీటర్ల పొడవు, 260 వెడల్పు, 90 ఎత్తున్న పలక ట్యాంకూ ఏడు లీటర్లదే. అందులో నాలుగున్నర లీటర్లు పోస్తే లోతు 58 మిల్లీమీటర్లు. 1.2 జీకి అంచు మట్టం మధ్య నుంచి 180 మిల్లీమీటర్లు దిగాలి, ఉన్నదే 58. ఆయిల్ మొత్తం ఒక మూలకు చేరి అడుగు బయటపడుతుంది. అడ్డురేకులు ఎన్ని వేసినా ఈ లెక్క మారదు, కాస్త ఆలస్యం అవుతుందంతే. అదే 154 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 380 ఎత్తున్న గుండ్రటి ట్యాంకులో అదే ఆయిల్ 240 మిల్లీమీటర్ల లోతుంటుంది. 1.2 జీకి అంచు 92 దిగితే ఇంకా 150 దాకా మిగులుతుంది. చాంబర్‌లో ఉన్న జబ్బునే పలక ట్యాంకుతో పక్కసీటు కాళ్ళ దగ్గరికి మార్చడం తప్ప వేరే ప్రయోజనం లేదు.

మూడోది ముందు బంపర్ వెనక, చక్రానికి ముందున్న ఖాళీ. ఎత్తు దొరుకుతుంది, గాలి తగులుతుంది. కానీ పక్క కారు తాకితే మొదట నలిగేది అదే మూల. ట్రాక్ అంచు గట్టు, అంటే కెర్బు ఎక్కి దిగితే రాళ్ళు తగిలేదీ అక్కడే. ఆయిల్ ట్రాక్ మీద పోతే వెనక వచ్చే కార్లన్నీ జారతాయి. చిన్న దెబ్బకు రేసు పోగొట్టుకోవడమే కాదు, పదిమంది రేసు పాడుచేయడం కూడా. అది కొట్టేశాం.

మిగిలింది ఎడమ హెడ్‌లైట్ వెనక, సస్పెన్షన్ పై కొస బిగించే స్ట్రట్ టవర్‌కు ముందు, కారు పొడవునా పోయే చాసిస్ రైలుకు లోపలివైపు మూల. పంపు నోటికి 70 సెంటీమీటర్ల పైపు సరిపోతుంది. హెడ్‌లైట్ ప్యానెల్‌కు, ట్యాంకుకు మధ్య 120 మిల్లీమీటర్లు వదలొచ్చు, గుద్దుకుంటే నలగడానికి ఆ మాత్రం ఉండాలి. దీని లోటు వేడి. డీ సిరీస్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రేడియేటర్ వైపు ఉంటుంది, మొదటి సిలిండర్ పైపు ట్యాంకుకు 180 మిల్లీమీటర్ల దూరంలోకి వస్తుంది. ట్రాక్ మీద ఆ పైపు 600 డిగ్రీలు దాటుతుంది. దానిమీద ఆయిల్ కారితే అంటుకుంటుంది. ఈ చోటు ఎంచుకున్నవాళ్ళు ఆ ప్రమాదానికి సమాధానం ట్యాంకు చేయించే ముందే రాసిపెట్టుకోవాలి.

చోటు కొలవడానికి టేపు పనికిరాదు. బోరు పైపులమ్మే దుకాణంలో 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు దొరుకుతుంది, ట్యాంకు బయటి వ్యాసం కూడా సరిగ్గా అంతే. 380 మిల్లీమీటర్ల ముక్క కోసి, పైన మూత, ఫిట్టింగుల ఎత్తుకు ఇంకో 50 మిల్లీమీటర్ల చెక్క అతికించి, ఆ డమ్మీని మూలలో నిలబెట్టాలి. దానిమీద మైనపు ముద్ద పెట్టి బానెట్ మూసి తెరిస్తే ఎంత సందుందో ముద్దే చెబుతుంది. 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తర్వాత ఎడమ స్ప్రింగు తీసి, జాకీతో చక్రాన్ని పూర్తిగా పైకెత్తి, స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి చూడాలి. ఇంజన్ కదలికను చాలామంది మర్చిపోతారు. అడ్డంగా కూర్చునే ఈ ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద గేరు మార్చినప్పుడల్లా ముందుకూ వెనక్కీ ఊగుతుంది. సబ్బల్‌తో ఇంజన్‌ను రెండు వైపులా నొక్కి చూస్తే 15 నుంచి 20 మిల్లీమీటర్లు తేలింది. ట్యాంకు బాడీకి, పంపు ఇంజన్‌కు. రెంటి మధ్య పైపు ఆ ఊపంతా భరించాలి. అందుకే పైపు కొలతకు 40 మిల్లీమీటర్ల వదులు కలిపాం.

ఈ డమ్మీతో తేలిన సంగతి: బ్యాటరీ ట్రే కోసేస్తే తప్ప ఎత్తు చాలదు. ట్రే మాత్రమే కోయాలి, దాని కింద చాసిస్ రైలును తాకకూడదు.

ట్యాంకు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో చుట్టించి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. ఇంజన్ నుంచి తిరిగొచ్చే రిటర్న్ ఆయిల్ పైనుంచి 30 మిల్లీమీటర్ల కింద, గోడకు ఆనుకుని పక్కవాటుగా లోపలికి రావాలి. స్కావెంజ్ భాగాలు ఆయిల్ కంటే గాలినే ఎక్కువ లాగుతాయి కాబట్టి ట్యాంకులోకి వచ్చేది నురగ. అది గోడ వెంట తిరుగుతూ దిగితే గాలి మధ్యలోకి చేరి పైకి పోతుంది. నిమిషానికి 30 లీటర్లు తిరిగే చోట నాలుగున్నర లీటర్ల ఆయిల్‌కు ట్యాంకులో దొరికే విరామం తొమ్మిది సెకన్లే. రిటర్న్ తిన్నగా కిందికి కొడితే అదీ ఉండదు, నురగే పంపులోకి పోతుంది. అడుగున అవుట్‌లెట్ పైన కూడిక గుర్తులా రెండు రేకులు నిలబెట్టించాలి. లేకపోతే నీళ్ళతొట్టి బెజ్జం దగ్గరలా సుడి పుట్టి గాలిని లోపలికి లాగుతుంది.

ఫిట్టింగుల దగ్గర మన ఊళ్ళలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రైస్ మిల్లుల పనులు చేసే లేత్ మేస్త్రీల చెయ్యి మంచిది, కానీ అలవాటుగా పైపు మర, అంటే బీఎస్‌పీ కోస్తారు. ఒక అంగుళం బీఎస్‌పీ బయటి వ్యాసం 33.25 మిల్లీమీటర్లు, అంగుళానికి 11 మరలు. ఏఎన్ 16 ఫిట్టింగుది 33.3 మిల్లీమీటర్లు, అంగుళానికి 12 మరలు. కంటికి ఒకటే, కాలిపర్‌కూ దాదాపు ఒకటే. నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. స్పానర్‌తో ఇంకాస్త లాగితే అల్యూమినియం మర చీరుకుపోతుంది. మేస్త్రీకి నమూనా ఫిట్టింగు, మర గేజి చేతికిచ్చి పని చెప్పాలి. మాటతో చెప్తే పని చెడుతుంది.

హైవే పక్కన జేసీబీ, ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపులు క్రింపు చేసే దుకాణాల్లోనూ 37 డిగ్రీల వాలు అంచున్న ఫిట్టింగులు దొరుకుతాయి, ఏఎన్‌తో కలుస్తాయి. కానీ ఆ దుకాణాల్లో మామూలుగా దొరికే పైపు 100 డిగ్రీలకే. ఈ కారులో ఆయిల్ మామూలుగానే ఆ వేడి దాటుతుంది. ఎఫ్‌ఐఏ ఆయిల్ పైపులకు అడిగేది 70 బార్ పగులు పీడనం, 232 డిగ్రీల ఉష్ణోగ్రత. పీల్చే పైపుకు ఇంకో షరతు: లోపలికి ముడుచుకోకూడదు. మెత్తటి రబ్బరు పైపు బయట స్టీలు జాలీ ఉన్నా, వేడెక్కాక లోపలి పొర విడివడి మూసుకుపోవచ్చు. బయటికి ఏమీ కనబడదు, ప్రెషర్ మాత్రం పడిపోతుంది, తప్పు పంపు మీదికి పోతుంది. లోపల స్ప్రింగు చుట్టున్నదో, టెఫ్లాన్ గొట్టమో తీసుకోవడం మేలు. ఆ పైపులో సూటిగా 90 డిగ్రీలు తిరిగే బాంజో ఫిట్టింగులు వద్దు. వంపు తిరిగిన గొట్టం ఫిట్టింగులే వేయాలి. స్టీలు జాలీ పైపు తగిలిన ప్రతిదాన్నీ కోస్తుంది, రేడియేటరైనా వైరింగైనా. కాబట్టి ప్రతి 200 మిల్లీమీటర్లకు రబ్బరు పొరున్న క్లిప్పు ఉండాలి.

ట్యాంకును పట్టే విధానంలో ఒకటే నియమం: ట్యాంకు గోడకు చెవులు వెల్డ్ చేయొద్దు. 3 మిల్లీమీటర్ల రేకుకు అతికించిన చెవి, ఇంజన్ అదురుకు వెల్డ్ అంచున చీలుతుంది. కింద గిన్నెలాంటి పీఠం బరువు మోయాలి, చుట్టూ 25 మిల్లీమీటర్ల వెడల్పు స్టెయిన్‌లెస్ పట్టీలు రెండు నిలబెట్టాలి. ట్యాంకుకు, పీఠానికి మధ్య, పట్టీల కింద కూడా 3 మిల్లీమీటర్ల సిలికాన్ రబ్బరు. సైకిల్ ట్యూబు ముక్క ఎవరైనా తెచ్చి చేతిలో పెడతారు, తీసుకోవద్దు. వేడికి, ఆయిల్‌కు జిగురైపోయి పట్టీ వదులవుతుంది. రైలుకు బోల్టు వేసే చోట లోపల గొట్టం ముక్క పెట్టకుండా బిగిస్తే రైలు నొక్కుకుపోతుంది. ఎం8, 8.8 గ్రేడు బోల్టులు, వెనక 3 మిల్లీమీటర్ల ప్లేటు సరిపోయాయి. కెర్బు మీద 5 జీ దెబ్బ తగిలినా ఆరున్నర కిలోల ట్యాంకు పెట్టే బలం 320 న్యూటన్లే, బోల్టులకు లెక్కలోది కాదు. పోయేది ఎప్పుడూ రేకే.

వేడికి సమాధానం: ట్యాంకుకు, ఎగ్జాస్ట్‌కు మధ్య 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకులు రెండు, వాటి నడుమ 12 మిల్లీమీటర్ల గాలి సందు, పైనా కిందా తెరిచి. ఒక్క రేకు పెడితే అదే వేడెక్కి ట్యాంకును కాలుస్తుంది. ట్యాంకు మూత, గాలి బయటికి పోయే బ్రీదర్ ఫిట్టింగు ఎగ్జాస్ట్‌కు అవతలి వైపు. అడుగున కారిన ఆయిల్‌ను బయటి వైపు మళ్ళించే చిన్న తట్ట. అగ్నిమాపక గొట్టం నాజిల్ ఒకటి ఈ మూలకే గురి. వైశాఖంలో 40 డిగ్రీల ఎండలో ఇరవై నిమిషాల పరుగుకు ట్యాంకు అవుట్‌లెట్ దగ్గర ఆయిల్ వేడి, ఈ రేకులు లేనప్పుడు 118 డిగ్రీలు, వేశాక 109. సెన్సర్ అవుట్‌లెట్ దగ్గరే పెట్టాలి. రిటర్న్ దగ్గర పెడితే నురగ వేడి చూపిస్తుంది, అది బేరింగుకు పోయే ఆయిల్ వేడి కాదు.

బ్రీదర్ పైపు ట్యాంకు పైనుంచి ఎక్కి, బానెట్ కింద ఒక వంపు తిరిగి, గాలితో పాటు వచ్చే ఆయిల్‌ను పట్టే క్యాచ్ ట్యాంకులోకి దిగాలి. 2,000 సీసీ లోపు ఇంజన్‌కు ఎఫ్‌ఐఏ అడిగేది కనీసం 2 లీటర్ల క్యాచ్ ట్యాంకు, లోపల ఎంతుందో బయటికి కనబడేలా.

మొదటిసారి స్టార్టు చేసే ముందు చూడాల్సినవాటిలో డీ సిరీస్‌కే చెందిన మెలిక ఒకటుంది. ఈ ఇంజన్ పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. డ్రై సంప్ పంపులు ఎక్కువగా గడియారం దిశకు తయారవుతాయి. పంపు కొనేటప్పుడే దిశ చెప్పాలి. లేదంటే ఇన్‌లెట్, అవుట్‌లెట్ తారుమారై ట్యాంకులోని ఆయిల్ అంతా చాంబర్‌లోకి చేరుతుంది. వెల్డింగయిన ట్యాంకును 0.2 బార్ గాలితో, సబ్బు నీళ్ళతో పరీక్షించాలి. అంతకు మించి గాలి పెడితే చదునైన అడుగు ఉబ్బుతుంది. లోపల అల్యూమినియం రజను పోయేదాకా కడగాలి, అయస్కాంతం దాన్ని పట్టదు. మొదటి పరుగు తర్వాత ఫిల్టరు కోసి మడతలు విప్పి చూడటం ఒక్కటే మార్గం. ఆయిల్ నింపాక పంపు బెల్టు తీసి, డ్రిల్లు మిషన్‌తో పంపు తిప్పి, గేజిలో ప్రెషర్ కనబడ్డాకే బెల్టు ఎక్కించాలి.

ట్రాక్ మీద ఇప్పుడు అదే మలుపుల్లో ముల్లు 4.3 బార్ దగ్గర కదలకుండా ఉంటుంది. పంపు కీచుమనడం లేదు. మిగిలిన ఫిర్యాదు క్యాచ్ ట్యాంకులో ఆయిల్ చేరడం. దానికి కారణం ట్యాంకు చోటు కాదు, మట్టం చూసే పద్ధతి. ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉంది కాబట్టి రాత్రంతా నిలబెడితే పంపు పళ్ళ సందుల్లోంచి ఆయిల్ మెల్లగా ఇంజన్‌లోకి దిగిపోతుంది. ఉదయం మూత తీసి చూసినవాళ్ళకు ట్యాంకు సగం ఖాళీగా కనబడుతుంది, ఒక లీటరు పోస్తారు. స్టార్టు అయ్యాక దిగినదంతా వెనక్కి వచ్చి, ఎక్కువైనది బ్రీదర్ గుండా బయటపడుతుంది. మట్టం చూడాల్సింది ఇంజన్ వేడెక్కి, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే. మూత పక్కన ఆ మాట తెలుగులో పెయింటుతో రాసి ఉంది.

ఈ దిగడాన్ని ఆపడానికి పీల్చే పైపులో వాల్వు పెట్టమని సలహాలు వస్తాయి. మూసి ఉన్న వాల్వుతో ఒక్కసారి స్టార్టు చేస్తే బేరింగులు పోతాయి. వాల్వు తెరిస్తే తప్ప ఇగ్నిషన్ రాకుండా స్విచ్చు కలపొచ్చు, కానీ ఆ స్విచ్చు కూడా పోయేదే. ఈ కారులో వాల్వు లేదు.

దాని బదులు, విజయనగరం నుంచి సుమారు 850 కిలోమీటర్లు లారీ మీద వెళ్ళి దిగిన కారుకు పాటించే క్రమం ఇది: స్పార్కు ప్లగ్గులు నాలుగూ తీయాలి, పంపు బెల్టు విప్పి డ్రిల్లుతో తిప్పాలి, ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వచ్చి మట్టం నిలిచాక బెల్టు ఎక్కించి స్టార్టరుతో పది సెకన్ల చొప్పున, మధ్యలో అర నిమిషం విరామంతో ప్రెషర్ వచ్చేదాకా తిప్పాలి, ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి. ఆయిల్ 60 డిగ్రీలకు వచ్చేదాకా 2,000 ఆర్‌పీఎం దాటొద్దు.